తెరుచుకోని అద్దాలు

మా ఆయన వర్క్‌షాపులో రిటైరయ్యాక రైల్వే క్వార్టర్ అప్పగించి, ఆ బెంగాలీ ఊళ్ళోనే ఝపటాపూర్‌లో అద్దెకు దిగాం. నేను, ఆయన, మా అత్త. దాన్ని ఇల్లు అనడానికి నాకిప్పటికీ నోరు రాదు. అంతకుముందు అదేదో కంపెనీ ఆఫీసు. కంపెనీ ఎత్తేశాక చాలాకాలం ఎవరూ రాకపోయేసరికి, యజమాని ఆ పెద్ద హాలుకు ప్లైవుడ్ గోడలు కొట్టించి, మూలకో సింకు పెట్టించి, ఫ్లాట్లని చెప్పి అద్దెకిచ్చాడు.

ఆఫీసుల్ని ఇళ్ళు చేయడం తప్పని నేననను. ఇంతమంది గది దొరక్క తిరుగుతుంటే అంత కట్టడం ఊరికే పడి ఉండడమే అన్యాయం. కానీ ఇంట్లో పోపు వేస్తారు, తడిబట్టలు ఆరేస్తారు, ముసలివాళ్ళు పగలూ రాత్రీ మంచం పట్టి ఉంటారు. ఆ సంగతి తెలియనట్టు నటించినవాడి మీదే నా కోపం.

వీధి వైపు గోడంతా అద్దం. ఏసీ కోసం బిగించింది, ఒక్క పలకా తెరుచుకోదు. ఏసీలు మాత్రం మేం రాకముందే పీకించి అమ్ముకున్నాడు. మొదటిరోజు నేను ఎండుమిరపకాయలు వేయిస్తే అంతస్తంతా దగ్గింది.

"ఇదేటే, పొగ పోడానికి దారే నేదేటి?" అంది అత్త. ఆమెకు ఉబ్బసం.

యజమానిని అడిగాను. "కిటికీలు పెడితే బిల్డింగ్ అందం పోతుంది దీదీ" అన్నాడు బెంగాలీలో. రెండోసారి అడిగితే, వేపుళ్ళు తగ్గించమన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

"ఊరుకో, మళ్ళీ ఇల్లెక్కడ ఎతుకుతాం?" అన్నారు మా ఆయన. ఊరుకున్నాను.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అత్త నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటోంది. పెదాలు నల్లబడ్డాయి. "ఊపిరాడతనేదే..." అంది. మా ఆయన ఆటో కోసం పరిగెత్తారు. నేను రోటి పొత్రం తీసి అద్దాన్ని కొట్టాను. మొదటి దెబ్బకు బీటవారింది. రెండో దెబ్బకు పగిలి కింది దుకాణం రేకుల మీద పడింది. వచ్చింది వడగాలే, కానీ గాలి. ఆటో వచ్చేసరికి ఆమె మాట్లాడగలిగింది.

పక్కవాటాలోని బెంగాలీ ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూసింది. నా చేతిలోని పొత్రం తీసుకువెళ్ళింది. కాసేపటికి అటువైపు అద్దం పగిలింది.

సాయంత్రం యజమాని వచ్చి అరిచాడు, ఎవరు పగలగొట్టమన్నారని.

"మీ అమ్మని తీసుకొచ్చి ఈ గదిలో ఒక పూట కూర్చోబెట్టు దాదా. అప్పుడు అడుగు" అన్నాను నాకొచ్చిన బెంగాలీలో. అంతస్తులోని ఆడవాళ్ళంతా నా వెనక నిలబడ్డారు. అతని గొంతు తగ్గింది.

ఆ నెలలోనే అన్ని వాటాలకూ కిటికీలు పెట్టించాడు. మమ్మల్ని మాత్రం ఖాళీ చేయమన్నాడు.

ఇప్పుడు హిజ్లీ వైపు ఒక పాత ఇంటి వెనకభాగంలో ఉంటున్నాం. మొన్న ఆ దారిన వెళ్తే బిల్డింగ్ మీద కొత్త బోర్డు కనిపించింది. గాలీ వెలుతురూ పుష్కలంగా ఉన్న ఫ్లాట్లట! ఇంటికొచ్చి చెబితే అత్త నవ్వింది.

"నువ్వు పగలగొట్టినావు కాబట్టే గదేటే ఆ గాలి" అంది.

నాకు నవ్వు రాలేదు.