కూర్చుని చేసే పని

మా అమ్మ గాజుల గంప నెత్తిన పెట్టుకొని పులివెందుల చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేది. గాజులమ్మే మనిషికి ఏ ఇంట్లోనైనా లోగది దాకా దారి ఉంటుంది. అందుకే ఎవరింట్లో కాళ్లు పడిపోయిన పిల్ల ఉందో, ఎవరు చూపులేని కొడుకును మూలన కూర్చోబెట్టి ముద్ద పెడుతున్నారో అమ్మకు తెలిసినంతగా కరణానికి కూడా తెలియదు.

ఆ మూలల్లోని ఒక పిల్ల నన్ను ఇంకా వదల్లేదు. నా ఈడుదే, పెళ్లీడు దాటుతోంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేతుల మీద పాకి పాకి మణికట్లు మగవాళ్లవిలా తయారయ్యాయి, అమ్మ ఆమె కోసం పెద్ద కొలత గాజులు వెతికి తెచ్చేది. ఒకరోజు తొడుగుతూ తొడుగుతూ ఆగిపోయింది.

"ఇంత బలం పెట్టుకోని మూలన కూకున్న్యావేమ్మే?"

"నాకు ఎవురిస్తారత్తా పని? కూలికి పోవల్లంటే కాళ్లుండల్ల గదా."

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. ఊరికి దగ్గర్లోని రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, గనికి గిరాకీ బాగా ఉండేది. ఆడవాళ్లు పందిరి కింద వరసగా కూర్చుని, సుత్తితో రాయి చితగ్గొట్టి, లోపలి తెల్లటి నారను వేళ్లతో విడదీసేవాళ్లు. అమ్మ నన్ను వెంటబెట్టుకొని మేస్త్రీ దగ్గరికి పోయింది. అతను నవ్వాడు.

"ఈడ కుంటోళ్లకు సత్రం పెట్టినామా?"

"కూకోని చేసే పనికి కాళ్లెందుకప్పా? మీ గనిలో సుత్తి కాలితో ఎత్తుతారా?" అని అమ్మ అందరి ముందూ దులిపేసింది. తీరా ఆ పిల్లను రాయి ముందు కూర్చోబెట్టి చూశాక మేస్త్రీ మర్నాటి నుంచే పనికి రమ్మన్నాడు. గనికి పోయే ఎద్దులబండి పొద్దున్నే వాళ్ల ఇంటి ముందు ఆగేలా ఒప్పించింది కూడా అమ్మే.

ఆ ఇంట్లో మాట తీరే మారిపోయింది. అంతవరకూ 'అది' అన్నవాళ్లు 'పాప వచ్చింది, అన్నం పెట్టండి' అనసాగారు. అందరితో సమానంగా కూలి వచ్చేది. తన సొంత డబ్బుతో మొదటిసారి గాజులు కొన్నప్పుడు ఆ పిల్ల మా అమ్మతోనే గీచి గీచి బేరమాడింది. అమ్మ పైకి తిట్టింది గానీ ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. నాకైతే ఈర్ష్యగా అనిపించింది. కాళ్లుండీ నా చేతిలో కాణీ లేదు మరి.

సాయంత్రం బండి దిగేటప్పటికి ఆ పిల్ల జుట్టూ కనురెప్పలూ చీరా అన్నీ తెల్లగా ఉండేవి. నవ్వుతూ దులుపుకొనేది. ఆ దుమ్ము ఎండలో మెరుస్తూ ఎంతసేపటికీ కిందకు దిగేది కాదు. ఇప్పటికీ ఎండపొడలో దుమ్ము ఆడుతుంటే నేను ఆ గదిలో కూర్చోలేను, భయం.

కొన్నేళ్లకు దగ్గు పట్టుకుంది. గనిలో చాలామందికి ఉన్నదే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. అమ్మకు మాత్రం గాజులు తొడగబోతే తెలిసింది, నొక్కాల్సిన అవసరం లేకుండా జారిపోయాయి. మరుసటి ఏడు ఇంకా చిన్న కొలత తీయాల్సి వచ్చింది. అమ్మ గంప మీద గుడ్డ కప్పేసింది.

"ఆ పని మానుకో తల్లీ. ఆ దుమ్మే నిన్ను తింటాండాది. ఇంగో పని చూస్తా."

"యాడ చూస్తావత్తా?"

అమ్మ అప్పటికే ఊరూరా అడిగి చూసి వచ్చింది. ఎక్కడా దొరకలేదు.

"మానుకుంటే మళ్లా మూలకే గదా పోవల్ల. ఆడ అన్నేండ్లూ పీనుగు మాదిరి పడుంటి. ఇప్పుడు రొంత దగ్గుతాండా, అంతే" అంది ఆ పిల్ల. మా వైపు చూడనే లేదు.

ఆ ఎండాకాలంలోనే పోయింది. మట్టి చేసిన మర్నాడు పొద్దున్నే పక్క ఊరి ఆమె ఒకతి మా గుమ్మం ముందు నిలబడింది. వీపు మీద ఎదిగిన కూతురు, కాళ్లు సన్నగా వేలాడుతున్నాయి.

"గనికాడ ఒక చోటు ఖాళీ అయ్యిందంట గదక్కా. మా పాప కోసరం ఒక మాట చెప్పవా?"

అమ్మ అంతా చెప్పింది. దుమ్ము గురించి, దగ్గు గురించి, ఆ పిల్ల చివరి రోజుల గురించి ఏదీ దాచలేదు. ఆమె ఓపిగ్గా వింది.

"తెలుసక్కా. తెలిసే వచ్చినాం" అంది వీపు మీది కూతురు.

అమ్మ గడప మీద నుంచి లేచింది. గంప ముట్టకుండా మేస్త్రీ ఇంటి దారి పట్టింది. ఆపాలనుకున్నాను గానీ ఏం చెప్పి ఆపాలో నాకు తెలియలేదు.