తుమ్ముడు

కరీంనగర్‌లో ఈడితమ్మ చేయని పని లేదు. అసలు పేరు ఎడిత్. బిలాతు నుంచి, అంటే ఇంగ్లండు నుంచి వచ్చింది. చదువుకునే పిల్లలకు క్రీస్తు మాట చెబుతూ, ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలకు తన బంగళాలోనే బస ఇచ్చి బడికి పంపేది. ఆమె తెలుగు బడిపంతుళ్ల తెలుగు. పిల్లలు ఒత్తు తప్పితే ఊరుకునేది కాదు.

చొప్పదండిలో మగ్గం నేసే కైలాసం కూతురు బాలలక్ష్మి ఆ బంగళాలోనే ఉండి చదివేది. కైలాసం తన నీడను కూడా నమ్మడు. అవి నమ్మే రోజులూ కావు. అతని తమ్ముడు బాలమల్లు దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరి పోలీసులకు దొరక్కుండా తిరుగుతూ, వీలైనప్పుడు అన్న ఇంటి అటక మీద తలదాచుకునేవాడు. వెనక వాడలో ఎవడో సాక్ష్యం చెప్పినందుకు ఒక ఇంటి మగవాళ్లంతా జైలు పాలయ్యారు.

సెలవులకు వచ్చిన బాలలక్ష్మి తిరిగి బస్సెక్కి, కిటికీలోంచి ఒక మాట అంది. "బాపు, ఐతారం నాడు నేను సాక్షెం చెప్పాలె. ఈడితమ్మ చెప్పుమన్నది."

"ఎవల మీద బిడ్డా?"

"ఎవల మీద ఏంది? ఇంట్ల జరిగింది దాపకుంట చెప్పుడే."

బస్సు కదిలిపోయింది. కైలాసానికి కాళ్ల కింద నేల కూడా కదిలింది. చదువు వద్దు, ఏమీ వద్దు, పిల్లను ఇంటికి తెచ్చుకోవాలనుకున్నాడు. ఆదివారం పొద్దున్నే బంగళా చేరి, పిల్లను తీసుకుపోతానన్నాడు.

"ఈ రోజు ప్రార్థన కూటం ఉంది. అయ్యాక మాట్లాడుకుందాం, కూర్చోండి" అంది ఈడితమ్మ. కూర్చున్నాడు. కళ్లు మాత్రం ఆమె వెంటే తిరిగాయి.

ఆమె బియ్యం ఏరింది. గొలుసు తెగిన సైకిలు బాగుచేసి చేతులు నల్లగా చేసుకుంది. ఒక పిల్ల కాలి పుండు కడిగి కట్టు కట్టింది. ఇంగ్లీషు పాఠం చెప్పింది. పోట్లాడుకున్న ఇద్దరికి తగవు తీర్చింది. నీళ్లు మోసే యాదవ్వకు లక్సెట్టిపేటలోని కొడుక్కి ఉత్తరం రాసిపెట్టింది. రాస్తూ ఎవరెవరున్నారు, ఎక్కడున్నారు అని అన్నీ అడిగింది. ఉత్తరానికి అవి కావాలని కైలాసానికి తట్టలేదు. ఇన్ని పనులు చేసే మనిషికి అసలు పని వేరే ఉంటుందని తట్టింది. జీతం ఎవరిస్తున్నారో!

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, "ఇంట్లో అందరూ క్షేమమేనా? ఎంతమంది మీరు?" అంది.

"ఎంతమందైతే ఏందమ్మా, తినేటోళ్లమే" అన్నాడు కైలాసం.

సాయంత్రం పిల్లలంతా చాపల మీద కూర్చున్నారు. ఇంగ్లీషు కోసం వచ్చే లక్ష్మణ్‌రావు కూడా ఉన్నాడు. అతను చొప్పదండి పోలీసు పటేలు మేనల్లుడు. అతన్ని చూడగానే కైలాసం గోడ వారకు జరిగాడు.

"బాలలక్ష్మి సాక్ష్యం చెబుతుంది" అంది ఈడితమ్మ.

పిల్ల లేచింది. "పోయిన నెల మా ఇంట్ల..."

కైలాసం ఒక్క ఉదుటున లేచాడు. "మాకు తమ్ముడు లేడు. ఉన్నా ఇంట్ల లేడు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. లక్ష్మణ్‌రావు మెల్లగా తల తిప్పాడు. తానేమన్నాడో కైలాసానికి అప్పుడు తెలిసొచ్చింది. చచ్చిపోవాలనిపించింది.

ఈడితమ్మ మొహం చిట్లించింది. "తుమ్ముడా? తుమ్ముడు ఉన్నా ఇంట్లో లేదా? అంటే బయటికొస్తేనే తుమ్ముతున్నారన్నమాట. దారి దుమ్మే కారణం. ఉండండి, మందు ఇస్తాను."

పిల్లలు పడి పడి నవ్వారు. ఎన్నడూ తప్పు మాట్లాడని ఈడితమ్మ తమ్ముణ్ణి తుమ్ముడు చేసింది. లక్ష్మణ్‌రావు కూడా కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

"అవునమ్మా, బాపుకు దుమ్ము పడది" అంది బాలలక్ష్మి, ఎటూ చూడకుండా. ఆ వెంటనే మొదలుపెట్టిన సాక్ష్యం పూర్తి చేసింది. పోయిన నెల వాళ్లవ్వకు జ్వరం తగ్గిందట. దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పడం, అంతే సాక్ష్యం. కైలాసానికి సిగ్గుతో తల లేవలేదు.

ఈడితమ్మ గేటు దాకా వచ్చి సీసా చేతిలో పెట్టింది. "తేనె, అల్లం రసం. అంతే."

కైలాసం సీసా వంక, ఆమె వంక అనుమానంగా చూశాడు. "తమ్ముడంటే ఏందో మీకు నిజంగ తెల్వదా అమ్మా?"

"ఆ మాట నాకు వచ్చు" అంది ఈడితమ్మ గొంతు తగ్గించి. "మీరే కొన్నాళ్లు మరిచిపోండి."

కూతురిని తీసుకుపోయే మాట కైలాసం మళ్లీ ఎత్తలేదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి బీడీ వెలిగించుకుని, ఏ ఊరని అడిగాడు, ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాడు.

కైలాసం గట్టిగా తుమ్మాడు.