ఒక్క మాట అడిగి ఉంటే

మా మాస్టారు పోయారని పోయిన బుధవారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. బతు బస్తీలో మా ఇంటి వెనక బట్టలు ఆరేస్తున్నాను. "నిద్రలోనే వెళ్ళిపోయారు దీదీ, ఏమీ ఇబ్బంది పడలేదు" అంది. తడి చీర చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మర్నాడు తెల్లవారకముందే ఆయన ఊరు రంగత్ వెళ్ళే బస్సెక్కాను. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని ఆ బస్సులోనే అనుకున్నాను. రాయాలంటే నా గురించి కూడా ఒక సంగతి ఒప్పుకోవాలి.

ఆయన మాకు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున వలలు లాగే కుటుంబం వాళ్ళది. ఇంటిల్లిపాదిలో మొదట చదువుకున్నది ఆయనే. అప్పటికి మా దీవుల్లో రంగత్ ఇంకా బయటినుంచి వచ్చినవాళ్ళు అడవి నరికి కట్టుకుంటున్న సెటిల్మెంటు ఊరు. క్లాసులో సగం మంది బెంగాలీ పిల్లలు, మేం తెలుగువాళ్ళం పది మందికి మించి ఉండం. పాఠం ఇంగ్లీషులో చదివి, హిందీలో విడమరిచి, చివర్లో మా వైపు తిరిగి "ఏటర్రా, బోధపడిందా?" అనేవారు.

రోజూ పొద్దున్నే రేడియోలో ఇంగ్లీషు వార్తలు పెట్టుకుని, ఒక్కో మాటా పెదాల మీద పలికి చూసుకునేవారు. ఎంత సాధన చేసినా మా తీరం యాస ఆయన ఇంగ్లీషును వదల్లేదు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఆయన పలికిన మాటకు మా అందరి ముందూ నవ్వాడు. మాస్టారూ నవ్వారు. కానీ అటు తిరిగి బోర్డు తుడుస్తున్నప్పుడు ఆయన ముఖం చిన్నబోయి ఉండటం ముందు వరసలో కూర్చున్న నేను చూశాను. చూసి, మనసులో పెట్టుకున్నాను.

మా ఆఖరి ఏడు వార్షికోత్సవానికి ఒక పాత ఇంగ్లీషు విషాద నాటకం వేయిస్తానన్నారు. పరాయి దేశం నుంచి వచ్చి పెద్ద సేనాపతి అయినవాడు ఒకడు. అయినవాళ్ళను కాదని అతన్ని పెళ్ళాడిన అమ్మాయి. తనకు రావలసిన పదవి ఇంకొకరికి ఇచ్చారని కడుపుమంటతో ఉన్న కింది ఉద్యోగి. నీ భార్య నిన్ను మోసం చేస్తోందని ఆ ఉద్యోగి సేనాపతి చెవిలో వేస్తాడు. ఒక చేతిరుమాలును సాక్ష్యంగా తయారుచేస్తాడు. సేనాపతి నమ్మి భార్యను చంపేస్తాడు. ఆ తర్వాత గానీ నిజం తెలియదు.

"ఒక్క రుమాలుకే నమ్మేశాడా సర్?" అని ఎవరో అడిగారు.

"రుమాలు కాదురా నమ్మించింది. తాను ఈళ్ళలో ఒకడు కాదు, ఆ పిల్లకి తగడు అని ఆడి లోపల ముందే ఒక భయముంది. ఆ దుర్మార్గుడు దాన్ని కనిపెట్టీసినాడు, అంతే" అన్నారు. "అసూయంటే ప్రేమ ఎక్కువైపోవడం కాదమ్మా. భయం ఎక్కువైపోవడం."

ఆ భార్య వేషం నాకే వస్తుందనుకున్నాను. మార్కుల్లో నేనే ముందుండేదాన్ని. మా నాన్నది సర్కారీ ఉద్యోగం. కానీ మాస్టారు నూకరత్నాన్ని ఎంచుకున్నారు. పడవలు ఆగే జెట్టీ దగ్గర చేపలు ఎండబెట్టుకునే వాళ్ళమ్మాయి, నా పక్క బెంచీ స్నేహితురాలు. గొంతు ఎత్తితే వెనక గోడ దాకా వినబడేది. నాకు తెర పక్కన నిలబడి మాటలు అందించే పని ఇచ్చారు.

వారం రోజులు అందించాను. ఎనిమిదో రోజు మాస్టారి దగ్గరికి వెళ్ళి, చెప్పలేక చెబుతున్నట్టు అన్నాను. "సర్, నూకరత్నం మీ ఇంగ్లీషును ఎక్కిరిస్తోంది. బెంగాలీ అమ్మాయిలకు మీలాగే మాట్లాడి చూపిస్తోంది."

ఆయన పుస్తకం చంకన పెట్టుకుని క్లాసుకు వెళ్ళిపోయారు. మర్నాడు మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకు దగ్గర నేనే ఆ అమ్మాయిలను పోగేసి, నూకరత్నాన్ని తన పక్కింటి తాత నడక నడిచి చూపించమని అడిగాను. అది నడిచింది. అందరూ పడీ పడీ నవ్వారు. వరండాలో నిలబడిన మాస్టారికి నవ్వు వినిపించింది గానీ మాటలు వినిపించలేదు. అక్కడ ఆయన ఉంటారని నాకు తెలుసు.

ఆ సాయంత్రం రిహార్సల్లో "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు నూకరత్నంతో.

"నానేటి సేసినాను మాస్టారూ?"

ఆయన పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయారు. వేషం నాకిచ్చారు. నూకరత్నం మర్నాడు బడికే రాలేదు. అందరి ముందూ పరువు పోయాక చదువెందుకని వాళ్ళ నాన్న మాన్పించేశాడని తెలిసింది.

నాలుగు రోజులు గడిచాయి. తన తప్పేమిటో చెప్పమని భార్య భర్తను అడిగే చోటు వచ్చింది. ఆ మాట నా నోట రాలేదు. రెండోసారీ రాలేదు. మాస్టారు అందరినీ పంపేసి, "ఏటమ్మా?" అన్నారు. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

కొడతారనుకున్నాను. ఆయన మెల్లగా బెంచీ మీద కూర్చున్నారు.

"నువ్వు అబద్ధమాడినావు. నాను అడగలేదు. ఇన్నాళ్ళూ ఆ సేనాపతి ఎంత మూర్ఖుడో మీకు పాఠం చెప్పి, నాను అడగలేదు." నా వైపు తిరిగి, "నీ పేరు నానెవరికీ చెప్పను. అది నువ్వే ఆ పిల్లకి చెప్పుకోవాల" అన్నారు.

మర్నాడు పొద్దున జెట్టీ దగ్గరికి వెళ్ళారు. నేనూ దూరంగా వెనకే వెళ్ళాను. చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళందరి ఎదుటా నూకరత్నం ముందు నిలబడి చేతులు జోడించారు. "తప్పు నాదమ్మా. ఎవరో చెప్పింది నమ్మి, నిన్నడక్కుండా శిక్ష వేసేశాను."

వాళ్ళ నాన్న కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. "మీరేటి బాబూ, మాకు దండమెట్టడమేటి! ఆ పాపం మాకే సుట్టుకుంటాది."

నూకరత్నం మాత్రం ఆయన ముఖంలోకి సూటిగా చూసి, "అడిగుంటే సెప్పీదాన్ని కదా మాస్టారూ" అంది.

ఆయన తల దించుకున్నారు. ఆ రోజే క్లాసులో అందరికీ వినబడేలా, తప్పు తనదేనని, "గల్తీ మేరీ థీ" అని హిందీలో చెప్పారు. నూకరత్నం బడికి తిరిగొచ్చింది, వేషమూ తనకే దక్కింది. నేను మళ్ళీ తెర పక్కకు వెళ్ళాను.

నాటకం రోజు ఊరు ఊరంతా వచ్చింది. ప్రతి అంకానికీ ముందు మాస్టారు హిందీలో కథ చెప్పేవారు, తర్వాత పిల్లలు ఇంగ్లీషులో ఆడేవారు. సేనాపతి భార్య మంచం దగ్గరికి వచ్చేసరికి జనంలోంచి ఒక ముసలమ్మ లేచి నిలబడింది. "ఓరి నీ బతుకు సెడ! ఆ గుంటనొక్క మాట అడగరా ముందు!" అని అరిచింది. సేనాపతి వేషగాడు బిత్తరపోయాడు. జనం నవ్వారు. నా పక్కన తెర అంచు పట్టుకుని నిలబడ్డ మాస్టారు మాత్రం నవ్వలేదు, కళ్ళు తుడుచుకున్నారు. "ఈ నాటకం గురించి ఇంతకు మించి చెప్పేదేటీ లేదు" అని ఆ ముసలమ్మ మాట చివరి దాకా తలుచుకునేవారు.

నూకరత్నం నర్సు అయింది. డిగ్లీపూర్‌లో ఉద్యోగం, అక్కడే పెళ్ళి. మేం విడిపోలేదు. నా కాన్పుకు వచ్చింది, వాళ్ళ కూతురి పెళ్ళికి నేను పది రోజులు ముందే వెళ్ళాను. స్నేహం పెరిగే కొద్దీ చెప్పడం కష్టమవుతూ వచ్చింది. రంగత్ వెళ్ళినప్పుడల్లా మాస్టారు "నూకరత్నం కలిసిందా?" అని అడిగేవారు. "కలిసింది సర్" అనేదాన్ని. ఒక్క క్షణం నా వైపు చూసి, టీ గ్లాసు నా ముందుకు జరిపేవారు. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు. తాను ఇచ్చిన మాట తప్పలేదు, నా వంతును నా మీదే వదిలేశారు. నాకు చదువు చెప్పినందుకు కన్నా అందుకే ఆయనకు ఎక్కువ రుణపడి ఉన్నాను.

నేను రంగత్ చేరేసరికి దహనం అయిపోయింది. నూకరత్నం ముందే వచ్చి ఉంది. సాయంత్రం ఇద్దరం జెట్టీ దాకా నడిచి, నీళ్ళలోకి దిగే మెట్ల మీద కూర్చున్నాం. ఆటు మొదలై నీళ్ళు వెనక్కి పోతున్నాయి. అక్కడ చెప్పాను. ఎవరో చెప్పింది నమ్మానని ఆయన అన్న ఆ ఎవరో నేనేనని.

నూకరత్నం వెనక్కి పోతున్న నీళ్ళ వైపు తిరిగింది. తర్వాత, "నా పిల్లలకి నువ్వు పిన్నివే" అంది. "ఎందుకు సేసినావే అంత పని?"

చెప్పాను. వేషం గురించి, తన గొంతు గురించి, మా నాన్న ఉద్యోగం చూసుకుని నేను పడ్డ గర్వం గురించి, ఏదీ దాచకుండా. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను ఆపాక కళ్ళు ఒత్తుకుని లేచింది. ఫర్వాలేదని గానీ, క్షమించానని గానీ అనలేదు. నాకన్నా ముందు మెట్లెక్కసాగింది. నాచు పట్టి జారుతున్న మెట్టు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు. చెయ్యి మాత్రం నా వైపు వెనక్కి చాపి, నేను పట్టుకునే దాకా అలాగే ఉంచింది.