ఇరవై మూడో కుర్చీకి పెట్టిన పేర్లు

బుధవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, రిజిస్టర్‌లో నా చేత్తో నేనే రాశాను: "23 తల వాల్చింది, 11.10." అశోక్‌నగర్ గల్లీలో, జిరాక్సు దుకాణం పైన ఉన్న స్టడీ హాలుకు కాపలా నాది. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు నెలవారీగా కుర్చీ తీసుకుంటారు. అక్కడ ఎవరికీ పేరుండదు, కుర్చీ నంబరే. కునుకు వస్తే పదిహేను నిమిషాలు తల వాల్చుకోవచ్చు. ఆ పైన నేను వెళ్లి పెన్సిలుతో బల్ల మీద కొడతాను.

నోటితో మాట్లాడటం నిషేధం. ఏం చెప్పాలన్నా చీటీ రాయాలి. నాకు అక్షరాలు రావడం ఆ చీటీల వల్లే. మొదట అక్కడ ఊడ్చే పనిలో చేరాను. ఎవరైనా చీటీ ఇస్తే అర్థమైనట్టు తల ఊపి, మెట్లు దిగి, జిరాక్సు అతనితో చదివించుకునేదాన్ని. యాభై నాలుగేళ్ల వయసులో అది నామోషీ అనిపించి, నారాయణగూడ హాస్టల్ పిల్ల ఒకతెను పట్టుకుని సాయంత్రాలు నేర్చుకున్నాను. తెలుగు అయ్యాక ఇంగ్లీషు. ఇంగ్లీషుకు నా వాచకం గోడ మీద అతికించిన కాగితం.

దాన్ని అతికించింది తొమ్మిదో నంబరు. హాలులో అందరికన్నా పాతవాడు, ఎనిమిదేళ్లుగా పరీక్షలు రాస్తూనే ఉన్నాడు. అతనికి రానిదల్లా ఉద్యోగమే. ఒత్తిడికి మనిషి కూలిపోవడానికి ఇంగ్లీషులో ఉన్న మాటలన్నీ ఆ కాగితం మీద వరసగా రాశాడు. పరీక్షలో అడుగుతారట. బ్రేక్‌డౌన్, కొలాప్స్, క్రాక్, స్నాప్, క్రంబుల్, బర్నౌట్. బ్రేక్‌డౌన్ నాకు ముందే తెలుసు, నారాయణగూడ చౌరస్తాలో బస్సుకు అవుతుంది. కొలాప్స్ దోమలగూడలో వానకు నానిన గోడకు. బర్నౌట్ బల్బుకు. క్రంబుల్ ఎవరికని అడిగితే, బేకరీ బిస్కెట్టును పిడికిట్లో నలిపినట్టని మెట్ల మీద నిలబడి వివరించాడు.

"అన్నీ సామాన్లకే అయితున్నయి. మరి మనిషికేది?" అన్నాను.

"మనిషిక్కూడ ఇవే పెద్దమ్మా."

సరే, చదువుకున్నవాడు.

ఆ బుధవారం కోచింగ్ సెంటర్లో నమూనా పరీక్ష ఉండి హాలంతా ఖాళీ. నలుగురే ఉన్నారు. తొమ్మిది ఇక నమూనాలు అవసరం లేని మనిషి. ముప్ఫై ఒకటి అంబర్‌పేట్ నుంచి టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చే పెళ్లయిన ఆమె. ఇరవై మూడు, ఇరవై నాలుగు ఒకే హాస్టల్ గదిలో ఉండే ఆడపిల్లలు. ఇరవై మూడుకు ఆదివారం అసలు పరీక్ష, మూడోసారి.

పదకొండూ ఇరవై అయిదుకు వెళ్లి బల్ల మీద కొట్టాను. లేవలేదు. మళ్లీ కొట్టాను. భుజాలు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. ఏడుపు కూడా నిబంధన ప్రకారం ఏడుస్తోందని నాకు లోలోపల మెచ్చుకోలుగా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ అనిపించింది.

ఇరవై నాలుగు చీటీ ఇచ్చింది. అచ్చయితే మనసులో చదవగలను గానీ, చేతిరాతకు నా గొంతు లేచి తీరాలి. అందుకని ఏ చీటీ అయినా తలుపు బయటకు తీసుకెళ్లి చదువుకుని వస్తాను. అలాగే వెళ్లాను. "ఆమెకు బ్రేక్‌డౌన్ అయింది." లోపలికి రాగానే తొమ్మిది చెయ్యి చాపి చీటీ తీసుకుని, దాని కిందే రాశాడు. బయటకు వెళ్లి చదివాను. "బ్రేక్‌డౌన్ కాదు, బర్నౌట్. తేడా ఉంది." ముప్ఫై ఒకటి ఇంకో వాక్యం రాసింది. "ప్యానిక్ అటాక్ కావచ్చు. లక్షణాలు చూడాలి." చీటీ మళ్లీ ఇరవై నాలుగు దగ్గరికి పోయింది. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "పైవన్నీ" అని రాసింది.

నేను పోస్టుమ్యాన్‌లా లోపలికీ బయటికీ తిరిగాను. ఏడెనిమిది నిమిషాలు పట్టింది. ఇంతలో ఒక్కరం కూడా ఆ పిల్ల వీపు మీద చెయ్యి వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు.

అప్పుడు ఇరవై మూడే తల ఎత్తకుండా ఒక ముక్క రాసి నా వైపు నెట్టింది. ఆ కంగారులో తలుపు సంగతి మరిచిపోయాను. అక్కడే నిలబడి, ఒక్కో అక్షరం పట్టుకుని, హాలంతా వినబడేలా చదివేశాను: "నా, సీటు, తీసెయ్, పెద్దమ్మా. నేను, పరీక్ష, రాయ. బాపుకు, చెప్పొద్దు."

ఆ పిల్ల దిగ్గున లేచింది. ముఖమంతా చీమిడీ కన్నీళ్లూ.

"గట్ల మొత్తుకుంటరా పెద్దమ్మా? అందరికి ఇనవడె!"

"నాకు చదువొచ్చింది గంతే బిడ్డా."

తొమ్మిది కుర్చీ జరిపి లేచాడు. "నాలుగు రోజులల్ల పరీక్ష పెట్టుకొని గట్లంటవేంది చెల్లె? జర గట్టిగుండాలె."

"నువ్వు గట్టిగున్నవ్ గద ఎనిమిదేండ్ల సంది. ఏమొచ్చింది?" అన్నాను. అనకూడదేమో. అన్నాను.

ఆ పిల్లే మాట్లాడింది. "నాతోని గాదన్నా. పుస్తకం దెరిస్తే అక్షరాలు కనవడ్తలేవు. నల్లగ చీమలు పోయినట్టు పోతున్నయి."

నాకు యాభై నాలుగేళ్లు అలాగే కనబడ్డాయి. అందుకే గోడ మీది ఏ మాటకూ కలగని భయం నాకు ఈ మాటకు కలిగింది.

కింద నుంచి జిరాక్సు అతను పరుగున వచ్చాడు. "ఏమైందమ్మా, మీ హాలుల మాటలు ఇనొస్తున్నయి? గోడగిట్ల కూలిందా?"

"కూలలే. నువ్వు కూసో."

తొమ్మిది గొంతు సవరించుకున్నాడు. "సరే చెల్లె. రాయకపోతివి. మరి ఎకానమీ నోట్సు నాకిస్తవా?"

"అన్నా, సిగ్గుండాలె!" అంది ఇరవై నాలుగు.

ఇరవై మూడు ఏడుస్తూనే నవ్వింది. "తీస్కో అన్నా. మార్కర్ల డబ్బా గూడ తీస్కో."

ఇక మిగిలింది బాపు, ఆ పిల్ల తండ్రి. ప్రతి పరీక్షకూ ముందు రోజు ఊరి నుంచి వచ్చి, మర్నాడు సెంటరు గేటు బయట సాయంత్రం దాకా నిలబడే మనిషి. చెప్పొద్దంటే చెప్పను, కానీ శనివారం ఆయన బస్సు దిగితే ఏం చెబుతావన్నాను. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఫోన్ కలిపింది. ఇరవై నాలుగు ఫోన్ పట్టుకుని స్పీకర్ పెట్టింది. "స్ట్రెస్ అని చెప్పు" అని చెవిలో గొణిగింది కూడా.

"బాపూ, నాతోని గాదు. ఈసారి రాయ. ఇంగ ఎప్పటికి రాయనేమో."

అటువైపు ట్రాక్టరు ఆపేసిన చప్పుడు వినబడింది. "శనివారం బస్సుకు సీటు బుక్ జేపిచ్చిన గద బిడ్డా" అన్నాడు. మళ్లీ ట్రాక్టరు స్టార్ట్ చేశాడు. "సరే తీ. ఎట్లైన వస్త. గన్ని పుస్తకాలు నువ్వొక్కదానివే మోస్తవా?"

వెళ్లిపోయిన నెలకు ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. ఊళ్లో బట్టల దుకాణంలో కూర్చుంటోందట, మనసు కుదురుగానే ఉందట. ఒక్కటే బెంగ: "పెద్దమ్మా, ఆనాడు నన్ను ఎవలెవలు చూసిండ్రు? మా దిక్కోళ్లు ఎవలన్న ఉన్నరా?"

లేరు బిడ్డా. ఆ రోజు ఉన్నది ఇంతమందే. నీ పక్కన ఇరవై నాలుగు. అంబర్‌పేట్ నుంచి వచ్చే ముప్ఫై ఒకటి. నీ నోట్సు తీసుకున్న తొమ్మిది. గోడ కూలిందనుకుని వచ్చిన జిరాక్సు అతను. ఫోన్‌లో మీ బాపు. నువ్వు. నేను.