ట్రయల్లోంచి తీసేసిన రెండు చెరువులు

ముందే ఒప్పేసుకుంటున్నాను. చీమ గురించి మొదలుపెట్టినా నా నోట్లో అది ఏనుగై కూర్చుంటుంది. ఈ సంగతి మా చుట్టాలందరికీ తెలుసు. నా ప్రాణం మీదికి తెచ్చింది కూడా అదే.

భీమవరం అవతల ఒక రొయ్యల మందు కంపెనీకి ట్రయల్ రికార్డులు రాసేవాణ్ణి. రైతుల చెరువులు ఆరింట్లో రోగం రాకుండా వాళ్ల మందు పోస్తారు. రోజూ నీళ్లలో వేలాడదీసిన చెక్ ట్రే పైకెత్తి, అందులో పడ్డ రొయ్య ఎలా ఉందో నేను రాయాలి. మందు పోసిన ఐదో రోజు రెండు చెరువుల్లో రొయ్యంతా చచ్చి గట్టుకి కొట్టుకొచ్చింది. బంగాళాఖాతం మొత్తం అక్కడికే వచ్చి ప్రాణం విడిచినట్టుంది. తిని తిని కాకులకి అజీర్తి చేసింది.

కంపెనీ ఆఫీసరుగారొచ్చారు. ఆయన కారు బరువుకి గట్టు రెండడుగులు కుంగింది. బొండం తాగుతూ, "ఆ రైతులు మేత సరిగ్గా వెయ్యలేదండి. ఆ రెండూ రికార్డులోంచి తీసెయ్యండి," అన్నారు. తీసేశాను. మిగతా నాలుగూ బ్రహ్మాండమని రిపోర్టు. కింద నా సంతకం.

ఆ రిపోర్టు కంపెనీ ప్రచారానికి అచ్చేసిన రంగుల కాగితమై ఊళ్లు తిరిగి మా అక్క మొగుడి చేతిలో పడింది. బావకున్నది ఒకటే చెరువు. సంగతి తెలిసి నేను పరిగెత్తేసరికి గట్టు మీద డ్రమ్ముల్లో బెల్లం, తవుడుతో కలిపిన మందు పులిసి పొంగుతోంది.

"పొయ్యొద్దు బావా! ఈ మందుకి రెండు చెరువులు చచ్చాయి."

"నువ్వు రెండు చెరువులన్నావంటే రెండు రొయ్యలు చచ్చుంటాయిరా."

"అక్క మీద ఒట్టు!"

"నీ ఒట్లకి మీ అక్క ఎప్పుడో పోవాలి. నీ నోటిమాట ఎవడు నమ్ముతాడురా? సంతకం పెట్టావు చూడు, అది నమ్ముతా."

నా కళ్లముందే మొదటి డ్రమ్ము వంచేశాడు.

మందు పోసి ఇవాళ నాలుగో రోజు. పొద్దున ట్రే ఎత్తితే రొయ్యలు చెంగుచెంగున గెంతాయి. "చూశావా బామ్మర్దీ!" అని వీపు చరిచాడు. ఆ రెండు చెరువుల్లోనూ నాలుగో రోజు ఇలాగే గెంతాయి. రేపు ఐదో రోజు. ఫోను మోగితే ముట్టుకోబుద్ధి కావడం లేదు.

ఇక కల్పించిన ముక్క చెప్పేస్తాను. కాకులూ, కుంగిన గట్టూ ఉన్నదాన్ని సాగదీసినవే. మేత మాట మాత్రం ఆఫీసరుగారు అనలేదు. "ఈ రెండూ ఇలా ఉంటే రిపోర్టెలాగండి?" అని మాత్రమే అడిగారు. మేత సాకు పుట్టించింది నేనే. ఆ రైతులు పూట తప్పకుండా మేత వెయ్యడం గట్టు మీద నిలబడి రోజూ చూసినవాణ్ణి.