పొయ్యిలో వేసిన రక్తం కార్డు

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు అమ్మ పెరట్లో నీళ్ల పొయ్యి ముట్టించింది. ఆ రోజు అక్క ఆస్పత్రి నుంచి గిద్దలూరు వస్తోంది. ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లు తలకు పోసుకోకుండా మా గడప దాటరు. అక్కడి బట్టలు చాకలికి పోతాయి, అక్కడి కాగితాలు నీళ్ల పొయ్యిలోకి పోతాయి. కాగితాలు ఇంట్లో ఉంటే రోగం మళ్లీ వెతుక్కుంటూ వస్తుందని మా నాయన నమ్మకం. నాయనమ్మ నాటి నుంచీ ఇంతే.

అక్కకు కాలేయం పాడైంది. ఆ నెలలో రక్తం కక్కుకుంటే మార్కాపురంలో చూపించాం. వాళ్లు ఒంగోలు పంపారు. అక్కడ నాలుగు బాటిళ్ల రక్తం ఎక్కించాక మనిషి కోలుకుంది.

కారు దిగి అక్క వాకిట్లో నిలబడింది.

“ఏందమ్మా, ఓట్లకొచ్చినోళ్ల మాదిరి నన్ను బయటనే నిలబెట్టినావు?”

“ఒళ్లు తగ్గినా నోరు తగ్గలేదు. రా, నీళ్లు కాగినాయి,” అంది అమ్మ.

నాయన కాగితాల కవరు నా చేతికిచ్చాడు. “పొయ్యిలో ఎయ్యి.”

“ఇవి మళ్లీ డాక్టరుకు చూపించాల నాయనా.”

“మళ్లీ ఎందుకు పోతాది? పొద్దున్నే నీ నోట ఆ మాటేంది?”

“ఏదో ఒకటి ఎయ్యరా, ఆయన చల్లబడతాడు,” అంది అక్క నవ్వుతూ.

డిశ్చార్జి కాగితమూ స్కానింగు రిపోర్టూ మడిచి చొక్కా లోపల దాచాను. రక్తనిధి వాళ్లిచ్చిన చిన్న పసుపు కార్డు కవరులో మిగిలింది. దాని మీద పెద్ద అక్షరాలతో బి పాజిటివ్ అని ఉంది. కింద ఇంగ్లీషులో రెండు వరుసల చేతిరాత. గ్రూపు మాకు తెలిసిందే కదా అనుకుని, కవరుతో సహా కార్డును మంటలో వేశాను.

రెండేళ్ల తర్వాత హైదరాబాదులో అక్కకు కాలేయ మార్పిడి చేశారు. అంతకు ముందు రక్తనిధి అమ్మాయి వచ్చి అడిగింది.

“ఇంతకుముందు రక్తం ఎక్కించారా అండీ?”

“ఎక్కించారు.”

“అప్పుడు కార్డేమైనా ఇచ్చారా?”

“గ్రూపు రాసిన కార్డు ఒకటి. అంతే,” అన్నాను. ఆమె అలాగే రాసుకుంది.

వాళ్ల పరీక్షలో ఏమీ కనబడలేదు. ఆపరేషనులో చాలా రక్తం పోయింది, చాలా ఎక్కించారు. కొత్త కాలేయం పనిచేయడం మొదలుపెట్టింది. నాలుగో రోజు అక్క మజ్జిగ అడిగింది. ఏడో రోజు కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. మూత్రం కాఫీ రంగులో వచ్చింది. కాలేయమే చెడిపోయిందని భయపడ్డాం.

డాక్టరు కాదన్నాడు. ఎక్కించిన రక్తంలోని ఎర్ర కణాలు ఒంట్లో పగిలిపోతున్నాయన్నాడు.

“ఎర్ర కణాల మీద గ్రూపు ఒక్కటే కాదండీ, ఇంకా చాలా గుర్తులుంటాయి. మొదటిసారి ఎక్కించిన రక్తంలో ఏదో గుర్తు మీ అక్కకు పడలేదు. దాని మీద యాంటీబాడీ తయారైంది. కొన్నాళ్లకు అది పరీక్షకు దొరకనంత తగ్గిపోతుంది. అదే గుర్తున్న రక్తం మళ్లీ ఎక్కితే ఒక్కసారిగా పెరిగి ఆ కణాలను పగలగొడుతుంది. ముందే తెలిస్తే, ఆ గుర్తు లేని రక్తం వెతికి ఎక్కించేవాళ్లం. అప్పుడు రాసిచ్చే ఉంటారే?”

“రాసిచ్చారు,” అన్నాను.

సరిపడే రక్తం తెప్పించారు. అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇన్ఫెక్షను కూడా వచ్చింది. పద్నాలుగో రోజు అక్క పోయింది. ఏది ఎంత కారణమో తేల్చి చెప్పలేనన్నాడు డాక్టరు. నేనూ చెప్పలేను.

కర్మలు అయ్యాక నాయనతో చెప్పాను. “ఆ కార్డు నేనే ఏసినాను నాయనా. కింద ఏముందో చదవకుండా ఏసినాను.”



“ఎయ్యమన్నది నేనే కదరా,” అన్నాడు నాయన. “నువ్వు చదివే ఏసినావనుకుంటి.”

రేషను కార్డు నుంచి కోర్టు నోటీసు దాకా, మా ఇంటికి ఏ కాగితం వచ్చినా ముందు నా చేతికే వచ్చేది. అమ్మ ఇప్పుడు తన కంటి మందుల చీటీ పట్టుకుని పక్కింటి కోడలి దగ్గరికి పోతుంది. నన్ను ఎవరూ చదివిపెట్టమని అడగడం లేదు.