ఎవరన్నారు మాస్టారు

మా మాస్టారికి ఒకటే జబ్బు. ఎవరు ఏ మాట చెప్పినా "ఎవరన్నారు?" అని అడగనిదే ఆయనకు ముద్ద దిగదు. వృక్షశాస్త్రంలో నేను ఆయన దగ్గర ఆరేళ్లు పరిశోధన చేశాను. రెండేళ్లలో అయ్యే పనే. మిగతా నాలుగేళ్లూ ఏ మాట ఎవరిదో వెతకడానికి సరిపోయాయి.

వాక్యం చివర 'ట' వినబడితే చాలు, చెవులు రిక్కించేవారు. ఓసారి నేను వాళ్లింట్లో ఉండగా అమ్మగారు, "సాయంత్రం వాన పడుతుందట, గొడుగు పట్టుకెళ్లండి" అన్నారు.

"ఎవరన్నారు?"

"పక్కింటి పిన్నిగారు."

"ఆవిడకెవరు చెప్పారు?"

"ఆవిడ మోకాళ్లు."

"అలా చెప్పు. సొంత పరిశీలన" అని గొడుగు చంకన పెట్టుకున్నారు.

నేను రాసిన మొదటి పరిశోధనా పత్రం ఒక అడవి మొక్క గురించి. దాని గింజలు ఎనిమిది నెలలు బతిమాలినా మొలకెత్తలేదు. చివరికి గరుకు ఇసుకతో రుద్ది, ఒక పూట నానబెట్టి వేస్తే వారంలో మొలిచాయి. మాస్టారి ఎర్ర పెన్సిలు సరిగ్గా ఆ వాక్యం దగ్గరే ఆగింది.

"ఇసుకతో రుద్దమని ఎవరన్నారు?"

"అది అందరికీ తెలిసిందే సార్."

"అందరికీ తెలిస్తే ఎనిమిది నెలలు నువ్వేం చేస్తున్నావు?"

ఇక ఒప్పుకోక తప్పలేదు. ఆ చిట్కా చెప్పింది మా శాఖ తోటలో మొక్కలకు నీళ్లు పోసే ఆవిడ. నా బోసి కుండీలు చూడలేక చెప్పింది. పంతొమ్మిదేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. మేమందరం "ఏమ్మా" అని పిలిచేవాళ్లం.

"మరి పత్రంలో ఆవిడ పేరేదీ?"

"ఆవిడ పుస్తకాలేమీ రాయలేదు కదా సార్."

"నోరుందిగా. మౌఖిక సమాచారమని రాసి, పేరూ తేదీ వెయ్యి."

పేరు కనుక్కోవడానికి ఆఫీసులో హాజరు పట్టీ తిరగేయాల్సి వచ్చింది. తల కొట్టేసినట్టయింది.

పత్రం చూసి శాఖాధిపతి గతుక్కుమన్నారు. "నీళ్లు పోసే మనిషి పేరు చూస్తే నలుగురూ నవ్వుతారండీ. తీసేయండి."

"తీసేస్తే దొంగతనం అంటారు."

"ఎవరంటారు?" అని నోరు జారారు ఆయన.

"నేనంటాను. తేదీ వేసి రాసుకోండి."

పేరు ఉండిపోయింది, ఇంటిపేరుతో సహా అచ్చయింది.

మూడు నెలలకు ఆవిడ ఒక కవరు పట్టుకుని మాస్టారి గదికి వచ్చింది. "నా పేరు మీద వచ్చింది బాబూ. ఉద్యోగం తీసేశారా?"

నేను చదివి వినిపించాను. ఎక్కడో దూరాన మొక్కలు పెంచే కేంద్రంవాళ్లు రాశారు. ఇసుక ఎంత గరుగ్గా ఉండాలి, ఎంతసేపు రుద్దాలి, మీరొకసారి వచ్చి మా వాళ్లకు చూపిస్తారా అని అడిగారు. మొదటి వరుసలోనే ఆవిడ పేరు చివర 'గారు' ఉంది. ఆ ముక్క రెండుసార్లు చదివించుకుంది.

మాస్టారు లేచి తన కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టారు. జవాబు తనే రాస్తానని కలం తీశారు. ఆవిడ నాలుగు మాటలు చెప్పి ఆగిపోయింది.

"అయ్యగారూ, ఇది నా తెలివి కాదండీ. మా అత్త నేర్పింది. ఊరికే నా పేరు వేసుకుంటే బాగోదు."

మాస్టారు నా వైపు ఒక చూపు చూశారు. ఆరేళ్ల చదువు ఆ చూపులో అయిపోయింది.

"అత్తగారి పూర్తి పేరు చెప్పమ్మా" అన్నారు ఎంతో గౌరవంగా.

"ఇది తెలిస్తే ఆవిణ్ణి ఇంట్లో పట్టలేమండీ" అంటూనే, ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది.